వంకర కాయలు, దురద దుంపలు

ఈ వ్యాసం చదవడానికి ముందు ఒక కాగితం, పెన్సిలు తీసుకోండి. మీకు తెలిసిన కూరగాయల పేర్లు పది రాయండి. పక్కవాళ్ళను అడగవద్దు. రెండు నిమిషాలు చాలు.

రాశారా? మీ జాబితా చూడకుండానే నేను కొంత చెప్పగలను. మొదట బంగాళాదుంప, టమాటా ఉంటాయి. ఆ తరువాత క్యారెట్టు, క్యాబేజీ, కాలీఫ్లవరు. వంకాయ, బెండకాయ కూడా రాసే ఉంటారు. ఇందులో నా మంత్రశక్తి ఏమీ లేదు. పోయిన సెప్టెంబరులో మా తొమ్మిదో తరగతి పిల్లలు 41 మంది చేత ఇదే పని చేయించాను. అందరి కాగితాలూ ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. పొట్లకాయ రాసినవారు ఇద్దరు. కంద అని రాసినవారు ఒక్కరూ లేరు.

ఆ కాగితాల్లో ఒకదానిలో ఎనిమిదో పేరు మీద నాలుగైదు గీతలు గట్టిగా గీసి కొట్టేసి ఉంది. వెలుతురుకు ఎత్తి చూస్తే కింద అక్షరాలు కనిపించాయి. "బుడమకాయ".

తరగతి అయ్యాక ఆ అమ్మాయిని పిలిచి, "ఇది ఎందుకు కొట్టేశావమ్మా?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత, "అది కూరగాయ కాదండి. చేలో దానంతటదే మొలుస్తుంది. రాస్తే అందరూ నవ్వుతారండి" అన్నది. వాళ్ళమ్మ ఆదివారం సంతలో ఆ కాయలు అమ్ముతుందని నాకు తరువాత తెలిసింది.

నేను వృక్షశాస్త్రం చెప్పడం మొదలుపెట్టి 28 ఏళ్ళు దాటింది. పువ్వు భాగాలు చెప్పాలంటే మందార పువ్వు, కాయ చెప్పాలంటే బఠాణీ, దుంప చెప్పాలంటే బంగాళాదుంప. పాఠ్యపుస్తకంలో ఏ బొమ్మ ఉంటే అదే నల్లబల్ల మీద వేస్తూ వచ్చాను. బడికి అరకిలోమీటరు దూరంలో జరిగే సంతకు సంచీ పట్టుకొని వారం వారం వెళ్ళే మనిషినే గాని, అక్కడి కాయను ఒక్కదాన్నీ తరగతిలోకి తెచ్చింది లేదు. ఆ అమ్మాయి చేత ఆ గీతలు గీయించింది పక్క పిల్లల నవ్వు ఒక్కటే అనుకుంటే నన్ను నేను మోసం చేసుకున్నట్టే.

ఆ ఆదివారం సంతలో, చూడగానే మీకు నవ్వు వచ్చే కాయలను, దుంపలను ఏరి ఏరి కొన్నాను. సోమవారం వాటిని ప్రయోగశాల బల్ల మీద పెట్టాం. ఏనుగు పాదంలాంటి కంద. పాములా మెలిక తిరిగిన పొట్లకాయ. ఒళ్ళంతా మెత్తని ముళ్ళతో గుండ్రంగా ఉన్న ఆగాకర (తెలంగాణలో బోడకాకర అంటారు). ఒక పక్క ఉబ్బి ఇంకో పక్క నొక్కుకుపోయిన సొరకాయ. నిమ్మకాయంతైనా లేని చారల బుడమకాయలు.

పిల్లలు నవ్వారు. మంచిదే. నవ్వు అయిపోయాక ప్రశ్నలు మొదలయ్యాయి.

సొరకాయ ఎందుకు వంకర పోయింది?

ముందు సొరకాయనే తీసుకుందాం. "ఇది పాడైన కాయ" అన్నాడొక అబ్బాయి. కోసి చూద్దామన్నాను.

సొర, బీర, పొట్ల, కాకర, దోస అన్నీ గుమ్మడి కుటుంబానికి చెందినవి. వీటిలో సాధారణంగా మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. గుర్తుపట్టడం చాలా సులువు. పువ్వు కింద చిటికెన వేలంత పిందె ఉంటే ఆడపువ్వు. సన్నని కాడ మాత్రమే ఉంటే మగపువ్వు. ఆ పిందె అనేది అండాశయం. అందులో వందల అండాలు వరుసలుగా ఉంటాయి. మగపువ్వు పుప్పొడిని తేనెటీగో మరో పురుగో తెచ్చి ఆడపువ్వు కీలాగ్రానికి అంటిస్తే, అక్కడి నుండి పుప్పొడి నాళాలు లోపలికి పెరిగి, ఒక్కొక్కటి ఒక్కొక్క అండాన్ని చేరుకుంటుంది. అలా ఫలదీకరణం జరిగిన అండమే విత్తనం అవుతుంది.

ఇక్కడ అసలు సంగతి వినండి. పెరుగుతున్న విత్తనం ఊరికే ఉండదు. ఆక్సిన్ వంటి హార్మోన్లను తయారుచేసి తన చుట్టూ ఉన్న కండకు పంపుతుంది. "పెరుగు" అని కండకు అందే ఆజ్ఞ అదే. విత్తనాలు నిండుగా ఉన్న చోట కండ నిండుగా పెరుగుతుంది. పుప్పొడి చాలక అండాలు విత్తనాలు కాలేకపోయిన చోట కండ వెనకబడుతుంది. ఒక పక్క పెరిగి, ఇంకో పక్క పెరగకపోతే కాయ ఏమవుతుంది? వంకర పోతుంది.

దీనిని స్ట్రాబెరీ పండు మీద 1950లో నిట్ష్ అనే శాస్త్రజ్ఞుడు చక్కగా చూపించాడు. స్ట్రాబెరీ పైన గింజల్లా కనిపించే వాటిని లేత దశలోనే గిల్లివేస్తే పండు ఎదగడం ఆగిపోయింది. కొన్నింటిని మాత్రం ఉంచితే, అవి ఉన్నచోటే కండ పెరిగి పండు వింత ఆకారాలు పొందింది. గింజలు తీసేసి ఆక్సిన్ కలిపిన లేపనం పూస్తే పండు మళ్ళీ పెరిగింది.

మా సొరకాయను అడ్డంగా, నిలువుగా కోశాం. లావుగా ఉన్న పక్క గింజలు బొద్దుగా ఉన్నాయి. నొక్కుకుపోయిన పక్క తెల్లని పొట్టు గింజలు, అవీ కొద్దిగానే. లెక్కపెట్టే పని ఇద్దరు అమ్మాయిలకు ఇచ్చాను. మీరు కూడా ఇంట్లో ఈసారి వంకర దోసకాయ వస్తే పారేయకుండా లెక్కపెట్టండి. ప్రతిసారీ కారణం ఇదే అని మాత్రం అనుకోవద్దు. పిందె దశలో పండుఈగ కుట్టినా, నీరు చాలకపోయినా, కాయ పందిరి కర్రకు ఒత్తుకున్నా వంకర వస్తుంది. ముల్లంగికి రెండు కాళ్ళు మొలిచాయంటే నేలలో దానికి రాయి అడ్డం వచ్చి ఉంటుంది. ఏది కారణమో కనిపెట్టడమే మీ పని.

ఒక తోటలో వంకర కాయలు మరీ ఎక్కువగా వస్తూంటే, ఆ చుట్టుపక్కల తేనెటీగలు తగ్గాయేమో చూడాలి. పూత మీద ఉన్నప్పుడు, అందులోనూ తేనెటీగలు తిరిగే వేళ పురుగుమందు కొడితే చచ్చేవి చెడ్డ పురుగులే కావు. కాయను కాయగా చేసే పురుగులు కూడా చస్తాయి.

రుచిలో వంకర కాయకు, తిన్నని కాయకు తేడా లేదు. అయినా సంతలో తిన్నని కాయలే ముందు అమ్ముడుపోతాయి. వంకరవి సాయంత్రానికి సగం ధరకు, ఆపైన గేదెకు. పొట్లకాయ పండించే రైతుకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే పిందె దిగగానే దాని కొనకు దారంతో చిన్న రాయి కట్టి వేలాడదీస్తాడు. ఆ బరువుకు కాయ మెలిక పడకుండా మీటరు పొడవున కూడా తిన్నగా దిగుతుంది. రాయి కట్టినందువల్ల రుచి రాదు. గంపలో సర్దుకోవడానికి వీలు వస్తుంది. అంతే.

సాయంత్రం పూసే పూలు

మా వాళ్ళలో పెరడు ఉన్న పిల్లలకు ఒక పని పెట్టాను. ఏ పాదు పువ్వు ఏ వేళ విచ్చుకుంటుందో వారం రోజులు రాసుకు రమ్మన్నాను. గుమ్మడి, దోస, నేతిబీర ఉదయం. బీర, సొర, పొట్ల సాయంత్రం. ఒకరింట్లో గడియారం చూడకుండానే బీరపూలు విచ్చుకునే వేళకు పొయ్యి వెలిగించేవారని ఆ అబ్బాయి నాయనమ్మ చెప్పిందట.

బీర, నేతిబీర రెండూ దగ్గరి చుట్టాలే. (నేతిబీరలో నేయి ఎంతని అడగకండి. ఆ సామెత మీకు తెలిసిందే.) అయినా ఒకటి పొద్దున, ఒకటి సాయంత్రం పూస్తాయి. చూడడానికి వచ్చే అతిథులు వేరు కాబట్టి వేళలు వేరు. రాత్రి పూసే పూలు చాలావరకు తెల్లగానో లేత రంగులోనో ఉంటాయి. చీకట్లో కనిపించాలి కదా! పొట్ల పువ్వును ఒక్కసారి టార్చిలైటు వేసి చూడండి. అయిదు తెల్లని రేకులు, వాటి అంచుల నుండి వెంట్రుకల్లా విడిపోయిన సన్నని పోగులు. పొట్లకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ట్రైకోశాంథిస్. గ్రీకు భాషలో వెంట్రుకల పువ్వు అని అర్థం. రాత్రి తిరిగే సీతాకోకచిలుకలు, అనగా మాత్‌లు, ఈ పూలకు వస్తాయి. పామువంటి కాయను చూసి మొహం తిప్పుకున్న మా పిల్లలు ఆ పువ్వు బొమ్మ వేయడానికి పోటీ పడ్డారు.

ఆగాకరది ఇంకో వింత. సొర పాదుకు మగపూలు, ఆడపూలు ఒకే తీగ మీద ఉంటాయని చెప్పాను కదా. ఆగాకరలో అలా కాదు. మగతీగ వేరు, ఆడతీగ వేరు. ఒక్క ఆడతీగను పెరట్లో పెంచుకుంటే పూలు పూస్తుంది గాని కాయ నిలవదు. తోట వేసే రైతు సుమారు పది ఆడతీగలకు ఒక మగతీగ చొప్పున నాటుకుంటాడు. గింజ వేస్తే అది మగదో ఆడదో పూత వచ్చేదాకా తెలియదు. పైగా గింజ తొందరగా మొలవదు. అందుకని భూమిలోని దుంపలనే నాటుతారు. వేసవిలో తీగ ఎండిపోయి మాయమైనా నేలలో దుంప బతికే ఉంటుంది. తొలకరి వాన పడగానే చిగురిస్తుంది. అడవి అంచు గ్రామాలవాళ్ళు ఆ తీగల జాడలు గుర్తుపెట్టుకొని, ఏటా ఆషాఢ శ్రావణాల్లో కాయలు కోసుకొస్తారు. ఆ రెండు మూడు నెలలు సంతలో దాని ధర వింటే గుండె గుభేలుమంటుంది. కోడిమాంసంతో పోటీ పడుతుంది.

కందకు లేని దురద

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అంటారు పెద్దలు. తనకు సంబంధం లేని విషయంలో తల దూర్చేవాణ్ణి గురించి చెప్పే మాట ఇది. కాని దీనిని విజ్ఞానశాస్త్ర ప్రశ్నగా తీసుకుంటే ఎంత బాగుంటుందో చూడండి. నిజమే, కోసేవాళ్ళ చేతులు, తినేవాళ్ళ గొంతు దురద పెడితే, కందకెందుకు పెట్టదు?

కంద కణాల్లో కొన్ని ప్రత్యేకమైనవి ఉంటాయి. వాటిలో కాల్షియం ఆక్సలేట్ అనే పదార్థం సూదుల్లాంటి స్ఫటికాలుగా కట్టలు కట్టి ఉంటుంది. అగ్గిపెట్టెలో అగ్గిపుల్లలు పేర్చినట్టు అనుకోండి. ఆ కణం పగలనంతవరకు సూదులు తమ అరలో తాము నిమ్మళంగా ఉంటాయి. కత్తి పడి కణాలు తెగినప్పుడు, పళ్ళ కింద నలిగినప్పుడు అవి బయటపడి చర్మంలో, నాలుకలో గుచ్చుకుంటాయి. వాటితోపాటు వచ్చే మాంసకృత్తులు మంటను ఇంకా పెంచుతాయి. చేమదుంపలోనూ ఇదే తంతు. నేల కింద కదలలేకుండా పడి ఉన్న దుంపకు పందికొక్కుల నుండి, పురుగుల నుండి రక్షణ ఉండాలి కదా! అది దాని ముళ్ళకంచె.

ఈ సూదులను మీరు కళ్ళారా చూడవచ్చు. చేమ ఆకు కాడను కొద్దిగా గీకి, గాజుపలక మీద ఒక నీటి చుక్కలో వేసి సూక్ష్మదర్శిని కింద పెట్టండి. మీ సైన్సు మాస్టారు దగ్గర ఉండగానే చేయండి. చేతులకు కొబ్బరినూనె రాసుకోండి. కళ్ళు నలుపుకోవద్దు. పొరపాటున కూడా నోట్లో పెట్టుకోవద్దు. మా బడిలో మొదటి రెండు పలకల్లో ఏమీ కనిపించలేదు. మూడోదానిలో సూదుల కట్ట కనిపించినప్పుడు వేసిన కేకకు పక్క గది నుండి తెలుగు మాస్టారు కూడా వచ్చారు. సామెత చెప్పింది ఆయనే.

మరి మనం ఎలా తింటున్నాం? మీ అమ్మగారు కంద ముక్కలు ఉడికించి, నీరు వంపి, చింతపండు పులుసు పోసి, బచ్చలాకు వేసి వండుతారు. ఉడకబెట్టడం వల్ల మంట పెంచే మాంసకృత్తులు చెడిపోతాయి. నీటిలో కరిగే ఆక్సలేట్లు వంపేసిన నీటితో పోతాయి. పులుపు కూడా దురద అణగడానికి సాయపడుతుంది. కందా బచ్చలీ కూర పెళ్ళివిందులో వడ్డించే గోదావరి జిల్లాల్లో, తరతరాలుగా ఎన్ని నాలుకలు మండాక ఈ పద్ధతి కుదిరిందో! దురద తక్కువగా ఉండే గజేంద్ర వంటి రకాలు కూడా ఇప్పుడు సాగులో ఉన్నాయి. మూత్రపిండాల్లో రాళ్ళు ఉన్నవారు మాత్రం కంద విషయంలో వైద్యుని మాట వినాలి.

కంద మొక్కను చూడని వారికి ఒక్క మాట. అది చిన్న చెట్టులా ఉంటుంది. మచ్చల మచ్చల మొండెం, పైన గొడుగులా కొమ్మలు, వాటికి ఆకులు. కాని అదంతా కలిపి ఒకే ఒక్క ఆకు! మొండెం అనుకున్నది ఆకు కాడ. అసలు కాండం నేలలో ఉన్న దుంపే. మీ వృక్షశాస్త్ర పుస్తకంలో ఇటువంటి భూగర్భ కాండాన్ని "కందం" అంటారని చదివే ఉంటారు. ఆ మాటకు పక్కన ఉదాహరణగా ఈ దుంపనే ఊహించుకోండి. ఇక దాని పువ్వు విచ్చినప్పుడు కుళ్ళిన మాంసం వాసన వేస్తుంది. చుట్టూ ఉన్న గాలి కంటే వెచ్చబడి ఆ వాసనను వెదజల్లుతుంది. ఆ కంపుకు మోసపోయి వచ్చే పురుగులే దానికి పరాగ సంపర్కం చేస్తాయి. ఇండోనేషియాలోని సుమత్రా అడవుల్లో దీని చుట్టం ఒకటి ఉంది. దాని పూగుత్తి మూడు మీటర్ల ఎత్తు వరకు పెరుగుతుంది. దాన్ని చూడడానికి ప్రపంచంలోని వృక్షోద్యానాల ముందు జనం బారులు తీరతారు. అదే వంశపు దుంప మన సంతలో గోనెపట్టా మీద కిలోల లెక్కన ఉంటే పక్కనుండి నడిచిపోతాం.

చిక్కుడు ఎందుకు రాలేదు?

బల్ల మీద లేని కాయను గురించి అడిగిన వాడే అందరికంటే మంచి ప్రశ్న అడిగాడు. "మాస్టారూ, మా ఇంటి కప్పు మీద చిక్కుడు పాదు బోలెడంత అల్లుకుంది. నీళ్ళు పోస్తున్నాం. ఎరువు వేశాం. పువ్వు ఒక్కటీ లేదు. ఎందుకని?"

"ఎన్నో తారీఖు ఈ రోజు?" అని ఎదురు అడిగాను. నవ్వారు. కాని జవాబు అందులోనే ఉంది.

మన ప్రాంతంలో జూన్ చివర పగలు సుమారు 13 గంటలు ఉంటుంది. డిసెంబరు చివరకు సుమారు 11 గంటలకు తగ్గుతుంది. మన పాతకాలపు పాదు చిక్కుడు ఈ తేడాను కనిపెడుతుంది. రాత్రులు తగినంత పొడుగైతే గాని పూత పట్టదు. ఎన్ని నీళ్ళు పోసినా దాని లెక్క దానిదే. సంక్రాంతి నాటికి కాయలు గుత్తులుగా వేలాడుతాయి. రథసప్తమి నాడు చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టడం చూశారు కదా. ఆ పండుగను ఆ పాదు పంచాంగం చూసే ఏర్పాటు చేశారా అనిపిస్తుంది నాకు.

మొక్కకు ఇటువంటి లెక్క తెలుసునని మొదట నిరూపించినవారు అమెరికాలోని గార్నర్, అల్లార్డ్. వారి పొగాకు రకం ఒకటి వేసవి అంతా మనిషికి రెట్టింపు ఎత్తు పెరుగుతోంది గాని పూయడం లేదు. అదే రకం చలికాలంలో గాజు ఇంట్లో పెంచితే చిన్నగా ఉండగానే పూస్తోంది. వేడి, నీరు, నేల అన్నీ మార్చి చూశారు. చివరకు 1918లో కొన్ని కుండీలను వేసవిలో రోజూ పగలు పూర్తికాకముందే చీకటి గదిలోకి నెట్టారు. ఆ మొక్కలు పూశాయి! ఫలితాలను 1920లో ప్రకటించారు. మొక్క నిజానికి కొలిచేది పగటిని కాదనీ, ఎడతెగని చీకటిని అనీ తరువాతి ప్రయోగాల్లో తేలింది. పొడుగు రాత్రి మధ్యలో కాసేపు దీపం వెలిగించినా అటువంటి మొక్కల్లో కొన్నింటికి లెక్క తప్పుతుంది.

మీ వీధి దీపం కిందనే చిక్కుడు పాదు ఉంటే, దాని పూతను కొంచెం దూరంగా చీకట్లో ఉన్న పాదు పూతతో పోల్చి తేదీలు రాసుకోండి. మా కుర్రవాడు ఆ పని చేశాడు. దీపానికి దగ్గరగా ఉన్న కొమ్మల్లో పువ్వు రావడం రెండు వారాలకు పైగా ఆలస్యమైందని రాసుకొచ్చాడు. ఒక్క పాదుతో ఏదీ రుజువు కాదని చెప్పి, ఈ ఏడు మూడు పాదులు చూడమన్నాను. ఏ కాలంలోనైనా కాసే పొట్టి చిక్కుళ్ళు కూడా ఇప్పుడు వచ్చాయి. బెంగుళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క జయ్, అర్క విజయ్ అటువంటివి. వాటి మీద ఈ ప్రయోగం పనిచేయదు.

కొట్టేసిన పేరు

ఇక బుడమకాయ. కావాలనే చివరకు ఉంచాను.

బుడమకాయ, మన పసుపుపచ్చ దోసకాయ, ఎండాకాలంలో కోసుకుతినే ఖర్బూజా, ఈ మూడూ ఒకే జాతి! వృక్షశాస్త్రంలో కుకుమిస్ మెలో అంటారు. చూడడానికి నమ్మబుద్ధి కాదు. కాని కుక్కల్లో వేటకుక్క, బొచ్చుకుక్క ఎలాగో ఇవీ అంతే. ఒకదాని పుప్పొడి మరొకదానికి పనికివస్తుంది. బుడమ చేలగట్ల మీద, మెట్ట పైర్ల మధ్య కలుపులా మొలుస్తుంది. ఎవరూ నీరు పోయరు. మందు కొట్టరు. దానికి వచ్చే తెగుళ్ళన్నిటినీ అదే కాచుకోవాలి. కాచుకోలేనివి వేల ఏళ్ళుగా చచ్చిపోగా, కాచుకోగలిగినవి మిగిలాయి.

ఈ మాట విన్నాక కాలిఫోర్నియా కథ వినండి. 1920లలో అక్కడి ఇంపీరియల్ లోయలో ఖర్బూజా తోటలను బూడిద తెగులు పట్టుకుంది. ఆకులు పిండి చల్లినట్టు తెల్లబడి ఎండిపోయేవి. వాళ్ళ దగ్గర ఉన్న అందమైన, తియ్యని రకాలు దేనికీ ఆ తెగులును తట్టుకునే శక్తి లేదు. చివరకు ఆ శక్తి భారతదేశం నుండి వెళ్ళిన ఒక దోస రకంలో దొరికింది. తినడానికి వాళ్ళు ఇష్టపడే పండు కాదది. దానిని తమ ఖర్బూజాతో సంకరం చేసి, మళ్ళీ మళ్ళీ ఏరి, 1936లో పి.ఎం.ఆర్. 45 అనే రకాన్ని విడుదల చేశారు. అది అక్కడి ఖర్బూజా సేద్యాన్ని నిలబెట్టింది. ఆ దోస మన బుడమకాయే అని నేను అనడం లేదు. కాని అదే జాతి, ఇదే దేశం. ఆ తరువాత కూడా తెగుళ్ళను తట్టుకునే గుణం కోసం పరిశోధకులు ఈ దేశపు దోస రకాలను ఎన్నోసార్లు వెతుక్కున్నారు.

ఈ కథ చెబుతున్నంతసేపూ ఆ అమ్మాయి బల్ల మీది కాయలను చూస్తూ కూర్చుంది. అయిపోయాక ఎవరో, "ఇది ఎలా తింటారు మాస్టారూ?" అని అడిగారు. నాకు సరిగ్గా తెలియదు. మా ఇంట్లో వండరు. "నువ్వు చెప్పమ్మా" అన్నాను. పచ్చి కాయల్లో చేదువి కూడా ఉంటాయనీ, ప్రతి కాయనూ ముక్క కొరికి చూసుకోవాలనీ, చీల్చి ఉప్పు వేసి ఎండబెడితే వరుగులు ఏడాదంతా నిలవ ఉంటాయనీ, పండినవాటితో పచ్చడి చేస్తారనీ చెప్పింది. మొదట నేల చూస్తూ, తరువాత మా అందరినీ చూస్తూ.

కొరికి చూడడం అన్నది కూడా ఊరికే వచ్చిన అలవాటు కాదు. గుమ్మడి కుటుంబపు కాయల్లో చేదుకు కారణం కుకుర్బిటాసిన్లు అనే పదార్థాలు. అవి ఎక్కువైతే విషం. కాకర చేదు సంగతి వేరు. దాన్ని మనం చేదు కోసమే తింటాం. కాని సొర, దోస, బీర, పొట్ల అలవాటు లేని చేదుగా ఉంటే ఉమ్మేసి పారేయాలి. చేదు సొరకాయ రసం తాగి మన దేశంలో మనుషులు చనిపోయారు. భారత వైద్య పరిశోధన మండలి నియమించిన నిపుణుల సంఘం, 2012లో అచ్చయిన తన నివేదికలో, చేదుగా ఉన్న సొర రసం ఎట్టి పరిస్థితుల్లోనూ తాగవద్దని చెప్పింది. కూర వండే ముందు మీ అమ్మమ్మ చిన్న ముక్క నాలుక మీద వేసుకొని చూడడం గమనించారా? ఆ పరీక్షే ఇది.

పాత చుట్టాలు, కొత్త చుట్టాలు

మీ జాబితాను మళ్ళీ తీయండి. బంగాళాదుంప, టమాటా రెండూ అమెరికా ఖండాల నుండి వచ్చినవి. 1498లో వాస్కో డ గామా మన పడమటి తీరానికి వచ్చిన తరువాతి శతాబ్దాల్లో ఐరోపావారి ఓడల మీద దిగాయి. మన గుంటూరు మిరపకాయ కూడా అలా వచ్చినదే! అంతకు ముందు మన వంటల్లో కారానికి మిరియాలే దిక్కు. కొన్ని ఇళ్ళల్లో తద్దినం నాటి వంటను గమనించండి. అరటికాయ, కంద, చేమ, కాకర ఉంటాయి. టమాటా, బంగాళాదుంప కనిపించవు. మిరపకాయ బదులు మిరియాలు వేస్తారు. కొత్త కాయలు రాకముందటి వంటగది ఆ ఒక్క రోజుకు తలుపు తెరుచుకుంటుందన్నమాట. టమాటాను మా తాతగారి తరంవారు రామములగ అనేవారు. ఆ ఎర్రటి, మెత్తటి, పుల్లటి కాయను మొదట్లో నోట పెట్టనివారు ఎందరో. ఇవాళ అది లేని చారు లేదు.

కొత్తవి రాకూడదని నేను అనను. టమాటా చారు నాకూ ఇష్టమే. చిక్కుడు కూడా వేల ఏళ్ళ కిందట ఆఫ్రికా నుండి వచ్చిన చుట్టమే. కాని ఒకటి వచ్చిందని ఇంకోటి పోవాలా? మా పెరట్లో మా నాయనమ్మ కడవ సొర పెంచేది. కింద కుండలా, పైన సన్నని మెడతో ఉండేది. ఏటా ఒక కాయను పాదునే ఎండనిచ్చి, గింజలు తీసి, బూడిద కలిపి, చిట్టిముంతలో పెట్టి ఉట్టి మీద ఉంచేది. కొన్ని గింజలు ఆవుపేడలో అద్ది గోడకు పిడకలా కొట్టేది. బూడిద తేమను పీలుస్తుంది, పురుగును దగ్గరికి రానివ్వదు. ఆవిడ పోయిన మూడో ఏడు ఇల్లు సున్నం వేయిస్తూ, ఆ ముంతను నేనే బయట పారబోశాను. అప్పటికి నేను వృక్షశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నవాణ్ణి. ఆ సొర మళ్ళీ మా ఊళ్ళో నాకు కనిపించలేదు.

హైదరాబాదు రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థకు చెందిన కేంద్రం ఉంది. అటువంటి చోట్ల విత్తనాలను చల్లని గదుల్లో దాస్తున్నారు. జహీరాబాదు ప్రాంతపు మహిళా రైతులు తమ పాత విత్తనాలను తమ ఇళ్ళల్లోనే బుట్టల్లో, కుండల్లో కాపాడుకుంటున్నారు. మా బడిలో మేము పెట్టుకున్నది ఒక బిస్కట్ల డబ్బా. అందులో కాగితం పొట్లాలు. ప్రతి పొట్లం మీద కాయ పేరు, ఎవరింటిది, కోసిన తేదీ.

మీరు కూడా పెట్టుకోవచ్చు. రెండు సంగతులు గుర్తుంచుకోండి. అంగట్లో కొన్న హైబ్రిడ్ కాయ గింజలు వేస్తే కాయలు తల్లి పోలికతోనే రావు. పక్క పక్కన రెండు రకాల సొర ఉంటే పురుగులు పుప్పొడి కలిపేస్తాయి కనుక, విత్తనానికి ఉంచే ఆడమొగ్గకు, ఒక మగమొగ్గకు ముందుగానే కాగితపు సంచులు తొడగండి. అవి విచ్చిన వేళ మగపువ్వును కోసి ఆడపువ్వుకు మీరే పుప్పొడి అద్ది, మళ్ళీ సంచి తొడిగి, కాడకు రంగుదారం కట్టండి. ఆ కాయను కూరకు కోయవద్దని ఇంట్లో గట్టిగా చెప్పాలి. మా డబ్బాలో రెండు పొట్లాలు అలా చెప్పకపోవడం వల్లనే తగ్గాయి.

ఇప్పటికి డబ్బాలో 17 పొట్లాలు ఉన్నాయి. మొదటి పొట్లం బుడమది. దాని మీద పేరు ఆ అమ్మాయే రాసింది. పాత పొడుగు పొట్ల గింజ మాకింకా దొరకలేదు. సంతలో ఇప్పుడంతా పొట్టి రకమే. మీ పెరట్లో పొడుగు పొట్ల ఉంటే, ఈసారి ఒక్క కాయను పాదునే వదలండి. అది ఎర్రగా పండి కింద నుండి పగులుతుంది. లోపల ఎర్రని గుజ్జులో గింజలుంటాయి. పక్షులు చూడకముందే తీసి, కడిగి, నీడలో ఆరబెట్టండి.